లాయరు లేకుండా ఐపీ నేనే పెట్టుకోవచ్చా?

ప్రశ్న: అమ్మా, నమస్తే. నాకు 46 ఏళ్ళు. రాంనగర్‌లో చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నాను. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొని అప్పుల్లో పడ్డాను. బ్యాంకు పర్సనల్ లోను 3 లక్షల 40 వేలు ఉంది. క్రెడిట్ కార్డు లక్షా 25 వేలు. కాలనీలో ఇద్దరి దగ్గర ప్రోనోట్ల మీద 5 లక్షలు తెచ్చాను, మూడు రూపాయల వడ్డీ. వాళ్ళకు ఖాళీ చెక్కులు కూడా ఇచ్చాను. చిట్టీ ముందే పాడుకున్నాను, ఇంకా 14 నెలలు నెలకు 10 వేలు కట్టాలి. దానికి మా ఆయన ష్యూరిటీ. నగల మీద లోను లక్షా 60 వేలు. షాపు ఖర్చులు పోను నెలకు 28 వేలు మిగులుతాయి. మా ఆయన జీతం ఇంటికి సరిపోతుంది. భువనగిరి దగ్గర నా పేరు మీద 150 గజాల ప్లాటు ఉంది, 9 లక్షలు వస్తుందంటున్నారు. అమ్మాయి పెళ్ళికని దాచాను. ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టడానికి ఒక లాయరు 60 వేలు అడిగారు. కోర్టు బయట ఒకాయన 8 వేలిస్తే కాగితాలు రాసిస్తా, మీరే వేసుకోండి అన్నాడు. ముందు ప్లాటు అమ్మాయికి గిఫ్ట్ రాసేసి తర్వాత ఐపీ పెట్టమని మా తమ్ముడి సలహా. పోయిన నెల మా పిన్ని బాకీ 80 వేలు తీర్చేశాను. రికవరీ వాళ్ళు అరెస్టు చేయిస్తామని రాత్రి 9 గంటలకు ఫోన్లు చేస్తున్నారు. నిద్ర పట్టడం లేదు. నేనే ఐపీ పెట్టుకోవచ్చా?
— ఒక సోదరి, రాంనగర్

జవాబు: ముందు ఆ అరెస్టు మాట తేల్చేద్దాం తల్లీ, మీకు నిద్ర పట్టాలి. డబ్బు డిక్రీ (బాకీ కట్టమన్న కోర్టు తీర్పు) అమలు కోసం ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతోంది. మీ మీద డిక్రీ వచ్చినట్టు కూడా మీరు రాయలేదు. మగవాళ్ళనైనా సరే, కట్టే స్తోమత లేదన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టడానికి వీల్లేదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్లు చేయకుండా చూసుకోవాలని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో బ్యాంకులకు రాసింది. ఈసారి ఫోను వస్తే తేదీ, టైము, నంబరు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ కాగితం పెట్టి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్ళొచ్చు. దానికి ఫీజు లేదు.

ఇక ఐపీ సంగతి. నేను 31 ఏళ్ళు కోర్టు ఆఫీసులో పనిచేశాను. అందులో 9 ఏళ్ళు ఫైలింగ్ సెక్షన్‌లోనే. అంతకంటే ముందు నేను ఐపీ పెట్టినాయన కూతుర్ని. సూర్యాపేటలో మా నాన్నకు బట్టల కొట్టు ఉండేది. ఐపీ పెట్టాక మా ఇంటి గుర్తు చెప్పాలంటే వీధిలో వాళ్ళు ఆ మాటే చెప్పేవాళ్ళు. అప్పుడు నేను ఏడో తరగతి. అందుకే ఈ మాట ఎవరైనా తిట్టులా వాడితే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నిజంగా తీర్చలేని మనిషికి చట్టం తెరిచిపెట్టిన తలుపు అది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే ఆ తలుపులోంచి వెళ్తే మీకు ఏం మిగులుతుంది, ఏం పోతుంది అన్నది ముందే చూసుకోవాలి.

లాయరు లేకుండా పెట్టుకోవచ్చు. మన కేసు మనమే నడుపుకునే హక్కు మనకుంది. మన దగ్గర మామూలు మనుషుల ఐపీకి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కానీ, మీలాంటి వాళ్ళ అప్పులకు సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. ఆ కొత్త చట్టం పేరు చెప్పి యూట్యూబ్‌లో 180 రోజులు ఎవరూ మిమ్మల్ని అడగలేరని చెప్పే వీడియోలు చూసి ఆశపడకండి. పాత చట్టంలో అర్హత చిన్నదే. అప్పు కనీసం 500 రూపాయలు ఉండాలి, తీర్చలేని స్థితిలో ఉండాలి. ఆ 500 నూరేళ్ళ కిందటి అంకె. మీరు రాంనగర్‌లో ఉంటారు కాబట్టి సిటీ సివిల్ కోర్టులో వేయాలి.

పిటిషన్‌లో రాయాల్సింది ఏమిటంటే, ఎవరెవరికి ఎంత బాకీ, వాళ్ళ పూర్తి చిరునామాలు, మీ ఆస్తి అంతా, దాని విలువ, అది ఎక్కడుందో, ఆ ఆస్తిని కోర్టుకు అప్పగించడానికి సిద్ధమన్న మాట, ఇంతకు ముందు ఎప్పుడైనా ఐపీ పెట్టారా లేదా అన్నది. చదువుకున్న మనిషి ఎవరైనా రాసుకోగలరు. ఆ 8 వేలాయన రాసిచ్చేది కూడా ఇంతే. నేను సీట్లో ఉన్నప్పుడు ఒక పెద్దాయన తెల్ల కాగితాల మీద గుండ్రటి తెలుగులో తానే రాసుకొచ్చాడు. అప్పులవాళ్ళ చిరునామాలు సరిగ్గా లేక మూడుసార్లు రిటర్న్ అయింది. మూడోసారి నేనే పక్కన కూర్చోబెట్టి రాయించాను. నంబరయింది, అంటే కోర్టు కేసుగా తీసుకుంది. నాలుగు నెలల తర్వాత కేసు పోయింది. కారణం చిరునామాలు కాదు. సొంతూళ్ళో తండ్రి ఇచ్చిన చిన్న స్థలం ఒకటి లిస్టులో రాయలేదు. అప్పిచ్చిన వాళ్ళలో ఒకరు ఈసీ (స్థలం లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తీసుకొచ్చి జడ్జి ముందు పెట్టారు. ఆయన దాచాలని దాచాడని నేను ఈరోజుకీ అనుకోను. అది ఆస్తి కిందికి వస్తుందని ఆయనకు తోచలేదు. పక్కన లాయరు ఉండుంటే ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగేవాడు.

మీరు 60 వేలా, 8 వేలా అని కొట్టుకుంటున్నారు. నిజానికి మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. కోర్టు ఫీజు, అప్పులవాళ్ళకు నోటీసులు పంపే బత్తా కూడా అందులోకే వస్తాయి. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలోనే ఈ ఉచిత సాయం ఇచ్చే ఆఫీసు, న్యాయసేవా సదన్ ఉంది. ఆధార్, లోను కాగితాలు, ప్రోనోట్ల నకళ్ళు, చిట్టీ పాస్‌బుక్కు పట్టుకుని వెళ్ళండి. ముందు ఫోనులో మాట్లాడాలంటే 15100. ఉచిత లాయరంటే సరిగా చూడరని మీకెవరైనా చెప్పొచ్చు. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసిన ప్యానెల్ లాయర్లను నేను చాలామందిని చూశాను. ఇచ్చిన లాయరు మీ మాట వినకపోతే మార్చమని అక్కడే అడగొచ్చు.

అయితే మీ విషయంలో ఐపీ పనికొస్తుందా అన్నదే నా సందేహం. మీ అప్పులు ఒక్కొక్కటే చూద్దాం. నగల లోను ఇచ్చిన వాళ్ళకు నగలు వాళ్ళ చేతిలో ఉన్నాయి, మీరు ఐపీ పెట్టినా వాళ్ళ హక్కు పోదు. చిట్టీ బాకీ మీ మీద కదలకుండా ఆగినా, మీ ఆయన మీద ఆగదు. ష్యూరిటీ సంతకం ఆయనది. కోర్టు చివరికి మిమ్మల్ని బాకీల నుంచి విడుదల చేసినా ఆయన బాధ్యత అలాగే ఉంటుంది. ఖాళీ చెక్కులు అన్నిటికంటే టెన్షన్ పెట్టేవి. వాటిలో అంకె వేసి బ్యాంకులో వేస్తే, బౌన్సయితే, అది 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు. ఐపీ దాన్ని ఆపదు. నోటీసు వచ్చాక 15 రోజుల్లో కట్టాలి. కట్టలేకపోయినా జవాబు మాత్రం తప్పకుండా ఇవ్వాలి. చాలామంది నోటీసు తీసుకోకుండా వెనక్కి పంపేస్తారు, అది పెద్ద తప్పు.

తమ్ముడి సలహా దగ్గర మీరు ఆగినందుకు సంతోషం. గిఫ్ట్ రాసిన రెండేళ్ళలోపు ఐపీ పెడితే ఆ గిఫ్టును కోర్టు రద్దు చేయొచ్చు. పైగా అప్పులవాళ్ళను ఎగ్గొట్టడానికే రాశారని తేలితే మీ మీద శిక్షపడే నేరం అవుతుంది, అమ్మాయిని కూడా కోర్టుకు లాగినట్టవుతుంది. ఆయన మీ మీద ప్రేమతోనే చెప్పారు, కానీ దయచేసి ఆ పని చేయకండి. పిన్నిగారికి ఇచ్చిన 80 వేల సంగతీ అలాంటిదే. ఇచ్చిన మూడు నెలల్లోపు ఐపీ వేస్తే, మిగతావాళ్ళను వదిలి ఒకరికే మేలు చేశారని అడుగుతారు. ఆవిడ దగ్గర్నుంచి వెనక్కి తీసుకునే పరిస్థితి రావచ్చు. ఈ నెలలో మాత్రం వేయకూడదని అనడానికి ఇదొక్కటే చాలు.

మీకు చెందినవన్నీ పోతాయనీ భయపడకండి. వంట పాత్రలు, పరుపులు, కట్టుబట్టలు, చేతిపని వాళ్ళ పనిముట్లు జప్తుకు రావు. ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తీయకూడని నగలూ రావు, అంటే మీ మంగళసూత్రం జోలికి ఎవరూ రారు. మామూలు కుట్టు మిషన్లు పనిముట్లే. ఆ ఎంబ్రాయిడరీ మిషను పనిముట్టా కాదా అన్నది వాదించాల్సిన విషయం, అక్కడ లాయరు కావాలి.

కానీ ప్లాటు మాత్రం మిగలదు. ఐపీ ఆర్డరు వచ్చిన రోజు అది కోర్టు చేతికో, ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టే రిసీవరు చేతికో పోతుంది. మీరు కాపాడుకోవాలనుకున్నదే మొట్టమొదట పోతుంది. వేలంలో అమ్మితే 9 లక్షలు వస్తాయన్న నమ్మకమూ లేదు. ఇది రాయడం నాకూ కష్టంగా ఉంది, ఆడపిల్ల పెళ్ళికని గజం గజం కొనుక్కున్న స్థలం ఎంత విలువైందో నాకు తెలుసు. అయినా నా మాట ఇదే. ఐపీ పెట్టకండి, ప్లాటు మీరే అమ్మండి.

లెక్క చూడండి. 5 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 15 వేలు. చిట్టీ 10 వేలు. మీ 28 వేలల్లో 25 వేలు ఈ రెంటికే పోతున్నాయి. అందుకే బ్యాంకు వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. ప్లాటు 9 లక్షలకు పోతే ప్రోనోట్లు 5 లక్షలు, పర్సనల్ లోను 3 లక్షల 40 వేలు తీరి, 60 వేలు చేతిలో ఉంటాయి. అవి కార్డుకు కట్టండి. ఆ తర్వాత నెలకు చిట్టీ 10 వేలు పోను 18 వేలు మిగులుతాయి. కార్డులో మిగిలిన 65 వేలు, నగల లోను దాంట్లోంచి ఏడాదిన్నర లోపు దిగిపోతాయి. మీ పరిస్థితి మా నాన్నలా లేదు. ఆయనకు అమ్మడానికి ఏమీ లేదు.

డబ్బు ఇచ్చేటప్పుడు ప్రోనోటు వెనక చెల్లు రాయించి, ప్రోనోటు, ఖాళీ చెక్కులు రెండూ చేతికి వచ్చాకే డబ్బు చేతికి ఇవ్వండి. “ఇంట్లో ఎక్కడో పెట్టాను, రేపిస్తా” అంటే మీరూ రేపే ఇవ్వండి. ఒక్కసారే మొత్తం తీరుస్తామంటే బాకీపడ్డ వడ్డీ తగ్గించమని అడగడం తప్పు కాదు. బ్యాంకు దగ్గరా అంతే. కేసు వేయకముందే న్యాయసేవా సదన్ ద్వారా లోక్ అదాలత్‌కు పెట్టించుకోవచ్చు, అక్కడ కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన ఒప్పందం డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కాబట్టి మీరు కట్టగలిగిన అంకెకే ఒప్పుకోండి.

ప్లాటు అమ్ముడుపోకపోతేనో, ధర 6 లక్షలకు పడిపోతేనో అప్పుడు ఐపీ గురించి మళ్ళీ ఆలోచిద్దాం. అప్పుడు కూడా ఒంటరిగా వద్దు, పురానీ హవేలీ మీదుగానే వెళ్ళండి.

ప్రశ్న: మా బావమరిది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ బ్యాంకు లోనుకు గ్యారంటీ సంతకం చేశాను. కంపెనీ మూతపడింది. నేను కూడా సిటీ సివిల్ కోర్టులో ఐపీ పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీది అక్కడికి రాదండీ. కంపెనీ అప్పుకు గ్యారంటీ ఇచ్చిన వ్యక్తులకు 2019 డిసెంబరు 1 నుంచి 2016 దివాలా చట్టం వర్తిస్తోంది. మీరు వెళ్ళాల్సింది నాగోలు దగ్గర బండ్లగూడలోని నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు. 94వ సెక్షన్ కింద మీరే దరఖాస్తు చేయొచ్చు, ఫీజు 2 వేలు.  కానీ తర్వాత మీరు ఇచ్చే బాకీ తీర్చే ప్రణాళికకు ఓటేసిన అప్పులవాళ్ళలో విలువ ప్రకారం నాలుగింట మూడొంతుల కంటే ఎక్కువమంది ఒప్పుకోవాలి. మీ దగ్గర ఆ ఓటు దాదాపు అంతా ఒక్క బ్యాంకుదే అయి ఉంటుంది. అందుకని దరఖాస్తుకు ముందే బ్యాంకుతో మాట్లాడాలి, ఇందులో అనుభవం ఉన్న లాయరు కావాలి. బ్యాంకు నుంచి డిమాండ్ నోటీసు వచ్చిందా? వచ్చుంటే దాని మీద తేదీ చూడండి. 14 రోజుల్లో కట్టకపోతే బ్యాంకే ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. ఆ తేదీ, గ్యారంటీ కాగితం నకలు వెంటనే నాకు పంపండి.