మొదటి ఫజ్ పెడల్: జర్మేనియమా, సిలికానా?

సొంతంగా ఫజ్ పెడల్ (గిటార్ ధ్వనిని గరగరలాడేలా మార్చే పెట్టె) చేసుకోవడానికి జర్మేనియం, సిలికాన్ ట్రాన్సిస్టర్లలో ఏవి మంచివని అడిగారు. మొదటిసారి కాబట్టి సిలికాన్‌తో మొదలుపెట్టండి. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ సర్క్యూట్‌లో ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఒక్క సాయంత్రంలో సోల్డర్ చేసేయొచ్చు. జర్మేనియం సౌండ్ మెత్తగా, నాకైతే ప్రాణం, కానీ ఒక్కోదాని లీకేజీ (అనవసరంగా కారిపోయే కరెంట్) ఒక్కోలా ఉంటుంది, వేడెక్కితే బయాస్ (ట్రాన్సిస్టర్ సరిగ్గా పనిచేయడానికి పెట్టే వోల్టేజీ అమరిక) జారిపోతుంది.

ఏది వాడినా రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ (దాని మూడు కాళ్లలో ఒకటి) దగ్గర మీటర్ పెట్టి, 9 వోల్టుల బ్యాటరీతో సుమారు 4.5 వోల్టులు వచ్చేలా ట్రిమ్‌పాట్ (తిప్పి సరిచేసుకునే చిన్న రెసిస్టర్) తిప్పండి. బయాస్ బాగా తప్పితే నోట్ చివర చిటపటమంటూ తెగిపోతుంది.

అన్నట్టు, ఈ పెడల్‌ను గిటార్ పక్కనే మొదట పెట్టండి. మధ్యలో బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా చూసే సర్క్యూట్, చాలా పెడల్స్‌లో ఉంటుంది) వస్తే, గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించగానే ఫజ్ కరిగి తేటగా పలికే ఆ అందం పోతుంది.