చూసినంతే రాయి తల్లీ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ చదివాను. బెంగళూరు మారతహళ్లి పీజీలో ముగ్గురు పడుకునే గది. నైట్ షిఫ్టు దిగి క్యాబ్‌లో వచ్చి, తెల్లారాక పడుకున్న అమ్మాయి. మెలకువ వచ్చినా వేలు కదలదు, నోరు పెగలదు, గుండెల మీద బరువు. ఆ తర్వాత పైకి తేలిపోయి మంచం మీదున్న తన ఒంటిని తనే చూసుకుంటుంది. ఇది నీకు జరిగిందేనని ఉత్తరంలో రాశావు. రాయకపోయినా తెలిసేది. వీధిలో వాటర్ ట్యాంకర్ మోటారు మోత చెవిలోంచి తలలోకి దూరి, అక్కణ్నుంచి ఒళ్లంతా జుమ్మని పాకిందన్నావు చూడు, కూర్చుని ఊహిస్తే ఆ వాక్యం రాదు.

అక్కడిదాకా కథ నిలబడింది. మూడో పేజీలో ఆ గదిలో ఇదివరకెప్పుడో చనిపోయిన అమ్మాయి సంగతి తెచ్చావు. చివర్లో డాక్టరు వచ్చి ఇది స్లీప్ పెరాలసిస్, భయపడకు అని చెప్పి వెళ్లాడు. దయ్యం ఒక పక్క నుంచి, డాక్టరు ఇంకో పక్క నుంచి ఆ పిల్ల అనుభవాన్ని లాగేసుకున్నారు. చదివేవాడికి కావలసింది ఆ పిల్ల.

శాస్త్రం వద్దని కాదు నేననేది. బాగా చదువుకో. కథలో ఒప్పజెప్పడానికి కాదు, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది నీకు నువ్వు సరిచూసుకోవడానికి. నిద్రలో కనుగుడ్లు చకచకా కదిలే దశ ఒకటుందని 1953లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి ఏసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించారు. రెమ్ నిద్ర అంటున్నది దాన్నే. కళ్లకు కట్టినట్టుండే కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. కలలో పరుగెత్తినా మంచం మీద కాళ్లు ఆడకుండా, మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాములో కండరాలను నడిపే నాడులను అణిచి ఉంచుతాయి. కళ్లకూ, ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కూ మాత్రం మినహాయింపు. ఒక్కోసారి మెలకువ ముందొస్తుంది, ఆ కట్టు వీడటం వెనకబడుతుంది. కల కూడా పూర్తిగా పోయి ఉండదు. కళ్లు తెరిచి చూస్తున్నది నిజమైన గదినే, కల నడుస్తున్నదీ ఆ గదిలోనే.

ఇప్పుడు బరువు సంగతి చూడు. నీ కథలో ముందు ఏదో వచ్చి గుండెల మీద కూర్చుంటుంది, అందువల్ల ఊపిరాడదు. ఒళ్లు పనిచేసే తీరు చూస్తే వరుస తిరగబడి ఉండాలి. డయాఫ్రమ్ తన మానాన తను ఆడుతూనే ఉంటుంది కానీ పక్కటెముకల మధ్య కండరాలు సడలిపోయి ఉంటాయి. భయపడి గట్టిగా ఊపిరి తీయబోతే ఛాతీ లేవదు. లేవనందువల్ల దాని మీద ఏదో ఉందనిపిస్తుంది. అంటే ఊపిరి తీయబోవడం ముందు, బరువు తర్వాత. నీ జ్ఞాపకం దీనికి సరిపోతే అలా రాయి. సరిపోకపోతే శాస్త్రాన్ని పక్కనపెట్టి నీ జ్ఞాపకాన్నే నమ్ము. రెంటినీ కలిపి అతకొద్దు.

హెన్రీ ఫ్యూజెలీ అనే చిత్రకారుడు 1781లో వేసిన బొమ్మ ఒకటుంది. వెల్లకిలా పడుకున్న స్త్రీ, ఆమె గుండెల మీద చతికిలబడ్డ పిశాచం, తెర సందులోంచి తొంగిచూస్తున్న గుర్రం తల. గొప్ప బొమ్మే. కానీ అది మంచం పక్కన నిలబడ్డవాడు చూసే దృశ్యం. పడుకున్న మనిషికి ఆ దృశ్యం ఎప్పటికీ కనబడదు. నీ మూడో పేజీ కూడా అలాగే మంచం దిగి పక్కకు వచ్చి నిలబడింది. మళ్లీ మంచం మీదికి వెళ్లు. అక్కడ దండకం చదవబోతే పెదవి కదలక మాట లోపలే నలిగిపోయిందని రాశావు కదా, కథంతా ఆ ఎత్తున ఉండాలి.

అన్నిటికంటే నన్ను ఆపింది ఒళ్లు విడిచి పైకి తేలిన చోటు. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ చెయిన్ ఇలాంటి అనుభవాలు ఎన్నో సేకరించి మూడు తెగలుగా విడదీశాడు. గదిలో ఎవరో ఉన్నారనిపించడం ఒకటి. గుండెల మీద బరువు, ఊపిరాడకపోవడం రెండోది. తేలడం, ఎగరడం, పడిపోవడం, ఒంట్లోంచి బయటికి రావడం మూడోది. మొదటి రెండూ భయంతో ముడిపడి కలిసి నడుస్తాయి. మూడోదాంట్లో భయం తక్కువ, ఒక్కోసారి హాయి కూడా ఉంటుంది. నీ అమ్మాయి పైకప్పు దగ్గర కూడా వణికిపోతూనే ఉంది. నిజంగా వణికావా? లేక దయ్యం కథ కాబట్టి వణకాలని వణికించావా? పైకెళ్లాక కాస్త సుఖంగా అనిపించి ఉంటే ఆ సుఖాన్ని రాయడానికి జంకకు. అది ఎవరికీ చెప్పుకోలేని సుఖం కాబట్టే కథకు పనికొస్తుంది.

ఇంకో మాట. స్విట్జర్లాండ్‌లో ఓలాఫ్ బ్లాంకె బృందం 2002లో ఒక సంగతి ప్రచురించింది. మూర్ఛవ్యాధి ఉన్న ఒకామెకు చికిత్సలో భాగంగా మెదడు కుడివైపు, చెవికి కాస్త పైన వెనకగా ఉండే భాగంలో సన్నటి కరెంటు ఇచ్చారు. తక్కువ ఇచ్చినప్పుడు మంచంలోకి కుంగిపోతున్నట్టు, పెంచితే పైనుంచి తనను తను చూస్తున్నట్టు ఆమెకు అనిపించింది. కంటిచూపు, ఒంటి భంగిమ, లోచెవి చెప్పే తూకం, ఈ మూడూ కలిసి ‘నేనిక్కడున్నాను’ అనే ఎరుకగా మారడంలో ఆ చుట్టుపక్కల భాగానికి పాత్ర ఉంది. అక్కడ లెక్క తప్పితే నేను ఒకచోట, ఒళ్లు ఒకచోట అవుతాయి. అయితే ఆమె పైనుంచి చూసినప్పుడు కనబడింది కాళ్లూ, నడుము కింది భాగమూ మాత్రమే.

నీ అమ్మాయికి మాత్రం అంతా కనిపించింది! జడ, గోళ్లరంగు, చెంప మీది మచ్చ, గోడకున్న క్యాలెండరు మీద తేదీ కూడా. నువ్వు నిజంగా చూసిందెంత? దుప్పటి అంచూ ఒక పాదమూ చూసి ఉంటే ఆ రెండే రాయి. గదిలో ఏదైనా ఉండాల్సిన చోట లేకుండా కనిపించిందా, బీరువా అటు గోడకు మారిందా, కిటికీ ఎక్కువైందా, అదీ రాయి. సరిదిద్దకు.

మన పిల్లలకు చిన్నప్పుడే పరకాయప్రవేశం తెలుసు. శంకరాచార్యులు రాజు దేహంలో ప్రవేశించిన కథ విననివాళ్లు తక్కువ. నీ అమ్మాయికి ఆ సమయంలో అది గుర్తొస్తే రానీ. ఆయనది సంకల్పించి చేసిన ప్రయాణం, ఈమెను ఎవరూ అడగలేదు. మదనపల్లెలో అవ్వ దిండు కింద కత్తి పెట్టుకోమంటుంది, పక్క మంచం తమిళమ్మాయి మా ఊళ్లోనూ పేయి, అంటే దయ్యం, వచ్చి నొక్కుతుందంటుంది. వాళ్ల మాటలు వాళ్లవిగా ఉంచు. నువ్వు మధ్యలో దూరి ఎవరిది తప్పో తేల్చనక్కర్లేదు. ఇంకో సంగతి, పాత అధ్యయనాలన్నీ కలిపి 2011లో వేసిన లెక్కలో విద్యార్థుల్లో 28 శాతం మందికి ఒక్కసారైనా ఇది జరిగిందని తేలింది. నీ కథ చదివేవాళ్లలో ఆ మంచం మీద పడుకున్నవాళ్లు బాగానే ఉంటారు. కల్పించి రాస్తే పట్టేస్తారు.

కథ సంగతి అలా ఉంచు. ఉత్తరం చివర ఒక వాక్యం చదివి నాకు ఆందోళన కలిగింది. మళ్లీ వస్తుందేమోనని కావాలని వెల్లకిలా పడుకుంటున్నానని, నిద్ర తగ్గించుకుంటున్నానని రాశావు. ఆ పని చేయకు తల్లీ. వెల్లకిలా పడుకోవడం, వేళ తప్పిన నిద్ర, చాలని నిద్ర దీన్ని పిలిచి తెస్తాయన్నది నిజమే. అది వచ్చి కొన్ని క్షణాలో నిమిషాలో ఉండి దానంతటదే పోతుంది, ప్రాణానికి ముప్పేమీ లేదు. నిద్ర లేకపోవడం మాత్రం ఒంటినీ మనసునూ గుల్ల చేస్తుంది. రాయడానికి కావలసినంత నీకిప్పటికే ఉంది. మళ్లీ వస్తే గింజుకోకుండా కాలి బొటనవేలునో నాలుకనో కదపడానికి చూడు, ఊపిరి మామూలుగా ఆడనీ. తరచుగా వస్తున్నా, పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకొస్తున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు పట్టుతప్పుతున్నా ఆలస్యం చేయకు. హోసూరు రోడ్డులో మనసుకూ, మెదడుకూ వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. ఒక్కదానివీ వెళ్లడానికి బెరుకుగా ఉంటే ఫోను చెయ్యి, నేను తోడొస్తాను.

కథకు గడువేమీ లేదు. వీలైతే సెలవు పెట్టి ఊరెళ్లు. రాత్రి రాత్రిలాగా పడుకుని, అమ్మ చేతి అన్నం తిని వచ్చాకే రెండో ప్రతి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ ఊరి పెద్ద
బెంగళూరు