అక్కకు చెప్పకుండా సముద్రం దగ్గరికా?

నాకు 46 ఏళ్లు. మంచం పట్టిన మామగారికి పద్నాలుగు నెలలు సేవ చేశాను. ఆయన పోయి నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఒంట్లో జబ్బేమీ లేదు, విశ్రాంతి కావాలన్నారు డాక్టరు. వారం రోజులు ఎక్కడైనా సముద్రం ఒడ్డున ఒక్కదాన్నే ఉండి రావాలనుంది. మావారు వెళ్లి రమ్మన్నారు. పిల్లలిద్దరూ ఎదిగినవాళ్లే. అయినా ఇల్లు వదిలి ఇలా వెళ్లడం స్వార్థం కాదా? ఒంటరి ఆడదానికి అది క్షేమమేనా? అన్నట్టు, నాకంటే పదకొండేళ్లు పెద్దదైన అక్కకు మాత్రం ఆఫీసు శిక్షణకు వెళ్తున్నానని చెప్పాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తనకంటూ ఏనాడూ ఏమీ చేసుకోలేదు. రోజూ పొద్దున, రాత్రి ఫోను చేస్తుంది. అక్కడ సిగ్నల్ అందకపోతే ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు:

స్వార్థం కాదు. వెళ్లండి. మీరడిగినదానికి ఇంతకు మించి జవాబు అక్కర్లేదు. పద్నాలుగు నెలలు పెద్దాయనను కనిపెట్టుకుని ఉన్న మనిషి వారం రోజులు ఊరికే కూర్చుంటానంటే తప్పు పట్టేవాళ్లతో నాకు మాటల్లేవు. మీ ఇంట్లోనూ ఎవరూ తప్పు పట్టలేదు. మరి ఈ సంజాయిషీ ఎవరికమ్మా?

ఉత్తరం రెండోసారి చదివాక అర్థమైంది. ‘అన్నట్టు’ అని మొదలుపెట్టి చివర్లో ఇరికించిన ఆ నాలుగు మాటలే అసలు ఉత్తరం. అంతకు ముందు రాసిందంతా దానికి కట్టిన ప్రహరీ గోడ.

46 ఏళ్ల వయసులో, సంసారాన్ని నెట్టుకొచ్చిన మనిషి, అక్కకు లేని శిక్షణ ఉందని చెప్పింది. నాకు కోపం వచ్చింది, దాచుకోను. మీ అబద్ధం మీద కంటే, అది మిమ్మల్ని ఎంత చిన్నపిల్లను చేసిందో చూసి. ఇక వారం పాటు ఏం జరుగుతుందో ఊహించండి. సాయంత్రం ఒడ్డున కూర్చుంటారు. ఫోను మోగుతుంది. అలల చప్పుడు వినిపించకూడదని గదిలోకి పరుగెత్తుతారు. ఈ రోజు క్లాసులో ఏం చెప్పారో, పక్కన ఎవరు కూర్చున్నారో, భోజనం ఎలా ఉందో కల్పించి చెబుతారు. ఇంతకంటే ఇంట్లో అంట్లు తోముకోవడం మేలు. విశ్రాంతిగానైనా ఉంటుంది.

మీ అక్కగారిని నేను తప్పు పట్టడం లేదు. ఆవిడ ఫోను చేస్తారనే రాశారు గాని, కసిరారని గాని, అడ్డుకున్నారని గాని ఎక్కడా రాయలేదు. వద్దంటారని మీరే అనుకున్నారు. ఆవిడ పెంచిన ఋణం పెద్దదే, తీరేది కూడా కాదు. కానీ మీరు చేస్తున్నదేమిటి? అక్క సుఖపడలేదు కాబట్టి నేనూ సుఖపడకూడదని వాయిదాలు కడుతున్నారు. ఆ వాయిదాల్లో ఒక్కటీ ఆవిడ చేతికి అందడం లేదు. తాను పెంచిన పిల్ల అలసిపోయి మూలన కూర్చుంటే ఆవిడకు ఒరిగేదేమిటి?

ఒకప్పుడు మా పెద్దన్నయ్యకు నేనూ ఇలాంటి అబద్ధమే చెప్పాను. రెండేళ్ల తర్వాత ఆయనకు తెలిసింది. తిట్టలేదు. “నేను వద్దంటానని ఎందుకనుకున్నావు?” అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

కాబట్టి బయలుదేరే ముందు అక్క ఇంటికి వెళ్లండి. ఫోనులో వద్దు. “శిక్షణ అని అబద్ధం చెప్పానక్కా. సముద్రం దగ్గరికి ఒక్కదాన్నే వెళ్తున్నాను. నువ్వు బాధపడతావని భయపడ్డాను” అనండి. వెళ్లనా అని అడగకండి, చెప్పండి. ఆవిడ ముఖం తిప్పుకోవచ్చు, నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. భరించండి, అది ఆవిడ హక్కు. ఆ మౌనానికి తట్టుకోలేక “పోనీ, నువ్వూ రా అక్కా” అని మాత్రం అనకండి. ఆవిడతో ప్రయాణం పెట్టుకోవాలని నిజంగా ఉంటే అది ఇంకో నెల, ఇంకో టిక్కెట్టు.

ఇక క్షేమం సంగతి. బస ఎక్కడో మీవారికి తెలిసి ఉండాలి. ఒంటరిగా వెళ్లినవాళ్లు ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు. కాపలా సిబ్బంది ఉన్న చోటే దిగండి, అదీ మోకాళ్ల లోపు. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో నున్నగా, ప్రశాంతంగా కనిపించే చోటును నమ్మకండి. నీటిని లోపలికి లాక్కుపోయే ప్రవాహం చాలాసార్లు అక్కడే ఉంటుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు పెనుగులాడితే ఓపిక అయిపోతుంది. చెయ్యెత్తి కేక వేయాలి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది దాని నుంచి బయటపడాలి. నడవడానికి ఆటు సమయం బాగుంటుంది, తడి ఇసుక గట్టిగా ఉండి కాలు దిగబడదు. చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకని ఈ రోజు నడిచిన వేళకు రేపు ఇంచుమించు 50 నిమిషాలు కలుపుకోండి. సముద్రం రోజూ ఆలస్యంగానే వస్తుంది, ఎవరికీ సంజాయిషీ చెప్పదు.

మొదటి రెండు రోజులు ఏమీ బాగుండదు. చేతులకు పని ఉండదు, మందు వేళ అయిందని రాత్రి ఉలిక్కిపడి లేస్తారు, మామగారు గుర్తొచ్చి ఏడుస్తారేమో కూడా. ఏడవండి, ఆ పద్నాలుగు నెలల్లో దానికి తీరిక దొరికి ఉండదు. తిరుగు టిక్కెట్టు ముందుకు జరపకండి. వారం గడిచి ఇంటికి వచ్చాక కూడా ఏ పని మీదా మనసు పోకపోతే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. సముద్రం అన్నింటికీ మందు కాదు.

పొద్దున ఫోను ఆ వారం మానేయమని అక్కకు ముందే చెప్పండి. రాత్రి మాత్రం మీరే చేయండి, ఐదు నిమిషాలు చాలు. గదిలోకి వెళ్లకండి. అలల చప్పుడు వినిపిస్తే వినిపించనివ్వండి.