ఇంటికి లోన్ ఉంది, బీమా ఉందా?

ప్రశ్న: మాది తిరుపతి. ఎమ్మార్ పల్లె దాటాక ఒక కాలనీలో సొంతిల్లు. నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 38 వేలు. మా ఆయనకు మొబైల్ షాపు మీద నెలకు 25 వేల దాకా వస్తుంది. మొన్నటి తుపానుకు రాత్రికి రాత్రే ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. కాంపౌండ్ గోడకు 1.1 లక్షలు, వైరింగ్‌కు, బోరు మోటారుకు 45 వేలు, తలుపులకు, పెయింటింగ్‌కు 65 వేలు, పాడైన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, పరుపులకు లక్ష, మొత్తం 3.2 లక్షలు అవుతుందని లెక్క తేలింది. చేతిలో 22 వేలే ఉన్నాయి. ఒక లోన్ యాప్‌లో 15 వేలు తీసుకున్నాం. తెలిసినాయన ఐదు రూపాయల వడ్డీకి మూడు లక్షలు ఇస్తానంటున్నారు. హోమ్ లోన్ ఈఎంఐ 14,500. ఐదు లక్షల చీటీకి నెలకు 20 వేలు కడుతున్నాం, ఇంకా ఎనిమిది నెలలుంది. ఇప్పుడు పాట పాడితే 70 వేలు పోతాయంటున్నారు. పాప పెళ్లికని దాచిన 40 గ్రాముల బంగారం ఉంది. లోన్ తీసుకున్నప్పుడే బ్యాంకులో ఇన్సూరెన్స్ కట్టాం కాబట్టి ఇంటికి వేరే బీమా తీసుకోలేదు. ఆ మూడు లక్షలు తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి అరవై శాతం. మూడు లక్షలకు నెలకు 15 వేలు వడ్డీకే పోతుంది, అంటే మీ ఈఎంఐ కన్నా ఎక్కువ. ఏడాది తిరిగేసరికి 1.8 లక్షలు కట్టి ఉంటారు, అసలు మాత్రం రూపాయి తగ్గదు. ఇప్పటికే ఈఎంఐ, చీటీ పోను మీకు మిగిలేది 28,500. అందులోంచి ఇంకో 15 వేలు తీసేస్తే ఇల్లు ఎలా గడుస్తుంది? రెండో నెలకే మరో అప్పు వెతుక్కోవాల్సి వస్తుంది. ఇచ్చేవాళ్లు తెలిసినవాళ్లే కావచ్చు, ఆ వడ్డీ మాత్రం ఎవరికీ మేలు చేసేది కాదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ వడ్డీ సంగతి కాదు. లోన్ తీసుకున్నప్పుడే బ్యాంకులో ఇన్సూరెన్స్ కట్టాం అన్న మాట. హోమ్ లోన్ ఉన్నవాళ్లలో చాలామంది ఇదే మాట చెబుతారు, ఇదే నమ్మకంతో ఉంటారు. బ్యాంకులో కట్టించుకునేది చాలాసార్లు మనిషి ప్రాణానికి ముడిపెట్టిన పాలసీ. లోన్ తీసుకున్నవారికి ఏదైనా జరిగితే మిగిలిన అప్పు తీరుతుంది, అంతే. గోడ కూలినా, ఇల్లు మునిగినా అందులోంచి పైసా రాదు. కొన్ని బ్యాంకులు దానితో పాటు ఇంటి కట్టడానికి కూడా వేరే పాలసీ తీయిస్తాయి. అది ఉందో లేదో లోన్ తీసుకున్నవాళ్లకే తెలియదు. ఆ కాగితం ఫైల్లో ఎక్కడో అడుగున ఉంటుంది, లేదంటే బ్యాంకులోనే ఉంటుంది.

కాబట్టి మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వడానికి ముందే లోన్ ఇచ్చిన శాఖకు వెళ్లండి. "మా లోన్ మీద ఏయే పాలసీలు ఉన్నాయి, ఇంటి కట్టడానికి ఉందా, ఈ రోజుకు అమల్లో ఉందా" అని రాతపూర్వకంగా అడగండి. ఉంటే, అందులో తుపాను, వరద కలిసి ఉంటే, అదే రోజు బీమా కంపెనీకి సమాచారం ఇవ్వండి. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చి చూసేదాకా కూలిన గోడ ఇటుకలు తరలించొద్దు, పాడైన ఫ్రిజ్‌ను పాతసామాన్ల వాడికి వేయొద్దు. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో కనిపించేలా ప్రతి గదిలో ఫొటోలు తీసుకోండి. బురద కడిగేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. కానీ ఫొటో తీయకుండా కడిగేస్తే నష్టానికి రుజువు దొరకదు.

ఇంటి పాలసీ లేదని తేలితే ఈసారి నష్టం మీరే భరించాలి. ఇప్పుడు తీసుకునే బీమా జరిగిపోయిన నష్టానికి పనికిరాదు. అయినా మరమ్మతులు పూర్తయిన వెంటనే తీసుకోండి, వచ్చే ఏడాదికి చూద్దామని వాయిదా వేయొద్దు. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల కాలంలో వాయుగుండాలు కొత్త కాదు. 2020 నవంబరులో నివర్, 2022 డిసెంబరులో మాండస్, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చాయి. తీరం దాటింది పుదుచ్చేరి దగ్గరైనా, మామల్లపురం దగ్గరైనా, బాపట్ల దగ్గరైనా వాన మనకు తప్పలేదు. 2021 నవంబరులో శేషాచలం కొండల మీద నుంచి దిగిన నీళ్లు, పొంగిన స్వర్ణముఖి తిరుపతిని ఏం చేశాయో మీరూ చూసే ఉంటారు. ఇన్నిసార్లు జరిగినదాన్ని అనుకోని ఖర్చు అనలేం.

2021 ఏప్రిల్ నుంచి ఇళ్ల కోసం భారత్ గృహ రక్ష అనే ఒకే తీరు పాలసీ ఉంది, సాధారణ బీమా కంపెనీల దగ్గర దొరుకుతుంది. తుపాను, వరద, నీటి ముంపు, కొండచరియలు విరిగిపడటం అన్నీ అందులో ఉంటాయి. ఇక్కడ జనం చేసే మరో పొరపాటు, స్థలం విలువ కూడా కలిపి లెక్క వేయడం, ఆ అంకె చూసి భయపడి మానేయడం. తుపాను స్థలాన్ని ఎత్తుకుపోదు కదా. కట్టడాన్ని మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే చేయించాలి. మీ ఇల్లు వెయ్యి చదరపు అడుగులు, కట్టుబడి అడుగుకు 1,800 అనుకుంటే 18 లక్షలు. కాంపౌండ్ గోడ, నీళ్ల ట్యాంకు లాంటివి కూడా కట్టడంలో భాగమే, వాటి ఖర్చూ కలపండి. ఇంట్లో సామానుకు కట్టడం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతట అదే వర్తిస్తుంది. అంటే మీకు కనీసం 3.6 లక్షలు. ఇప్పుడు పోయిన గోడ, వైరింగ్, ఫ్రిజ్, పరుపులు అన్నీ ఈ పరిధిలోకి వచ్చేవే. నగలు మాత్రం విడిగా అడిగి చేర్పించుకోవాలి. ఏడాది ప్రీమియం, ఆ ఐదు రూపాయల అప్పుకు మీరు కట్టబోయిన ఒక్క నెల వడ్డీ కన్నా బాగా తక్కువే ఉంటుంది. పదేళ్ల దాకా ఒకేసారి తీసుకునే వీలుంది. ఏటా రెన్యువల్ మరిచిపోయే అలవాటుంటే అదే మేలు.

ఇప్పటి అవసరానికి బంగారం బయటకు తీయండి. పాప పెళ్లికని దాచారు, ఆ బాధ అర్థమవుతుంది. కానీ బ్యాంకులో పెడితే బంగారం మీదే, తిరిగి వస్తుంది. అలాగని మూడు లక్షలూ తేవక్కర్లేదు. లక్షన్నర చాలు, దానికి సగం బంగారం పెడితే సరిపోతుంది. బ్యాంకు వడ్డీ పది శాతం అనుకున్నా ఎనిమిది నెలలకు పదివేలు. చీటీ ఇప్పుడే పాడితే 70 వేలు వదులుకోవాలి. కాబట్టి చీటీని చివరిదాకా కట్టండి.

ఆ లక్షన్నరలో మొదటి 15 వేలు లోన్ యాప్‌కు కట్టి, అప్పు ముగిసినట్టు కాగితం తీసుకుని, యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. అప్పు ఇవ్వడానికి మీ ఫోన్‌లోని కాంటాక్టులు అడిగే యాప్ ఏదైనా రిజర్వు బ్యాంకు నిబంధనలకు విరుద్ధంగా నడుస్తున్నట్టే. చదువుకున్నవాళ్లు, నెల జీతం ఉన్నవాళ్లు కూడా టెన్షన్‌లో ఆ బటన్ నొక్కేస్తున్నారు. ఇది ఆగాలి.

తరువాత వైరింగ్, మోటారు. తడిసిన బోర్డులను ఎలక్ట్రీషియన్ చూడకుండా కరెంటు వేయొద్దు. తలుపులు, పరుపులు ఆపైన. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ రిపేరుకు వస్తాయేమో ముందు చూపించండి, కొత్తవి ఈఎంఐ మీద తేవద్దు. గోడకు ప్రస్తుతానికి రేకులు కట్టించండి. తడి గోడల మీద వేసిన పెయింట్ ఎలాగూ పెచ్చులూడుతుంది, ఎండలు ముదిరాక వేయించుకోవచ్చు.

ప్రభుత్వ సాయానికి వార్డు సచివాలయంలో నష్టం నమోదు చేయించండి, కానీ దాని మీద లెక్కలు వేసుకోవద్దు. 2022-26 కేంద్ర విపత్తు సాయం నిబంధనల్లో పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి పెట్టినది 6,500 రూపాయలు. హోమ్ లోన్ మీద టాప్-అప్, అంటే అదే లోన్ మీద ఇచ్చే అదనపు అప్పు, గురించి కూడా బ్యాంకులో అడగొచ్చు, కాకపోతే వచ్చేసరికి సమయం పడుతుంది.

ఎనిమిది నెలల తరువాత చీటీ డబ్బు చేతికి వస్తుంది. ముందు బంగారం విడిపించండి. గోడ అప్పుడు కట్టించుకోండి. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 40 వేలనుకుంటే ఆరు నెలలకు 2.4 లక్షలు, ఆపదకు అంత పక్కన ఉండాలి. గోడ పోను మిగిలినదాన్ని కొత్త చీటీలో పెట్టకుండా ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే డిపాజిట్‌లో ఉంచండి, తక్కువ పడినది తరువాతి రెండు మూడు నెలల్లో ఇన్నాళ్లూ చీటీకి కట్టిన 20 వేలతో నింపండి. బీమా ఉన్నా క్లెయిమ్ డబ్బు వచ్చేదాకా మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వాల్సింది ఇందులోంచే.