మూడో పేజీలో ఆ ఒక్క మాట

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికాలోని న్యూవార్క్‌లో, రైలు పట్టాల మధ్య ఉన్న ఆ ఐరన్‌బౌండ్ పేట, ఫెర్రీ స్ట్రీట్‌లో బేకరీ నడిపే పెద్దాయన, తెల్లారకముందే పిండి కలిపి కొట్టు ముందు మంచు ఊడ్చుకోవడం, అన్నీ కళ్లకు కట్టాయి. మూడో పేజీలో మాత్రం ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆయన్ని ‘హిస్పానిక్ ముసలాయన’ అన్నావు, అంటే స్పానిష్ మూలాలవాడని. ఆయన పోర్చుగల్ నుంచి వచ్చాడని మొదటి పేజీలో నువ్వే రాశావు కదమ్మా.

చిన్న పొరపాటే, ఫోన్‌లో చెబుదామనుకున్నాను. ఆలోచించే కొద్దీ నువ్వు రాయాల్సిన కథ ఆ మాటలోనే ఉందనిపించింది.

1977లో అమెరికా ప్రభుత్వం తన లెక్కల కోసం ఒక నిర్వచనం పెట్టుకుంది. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, మధ్య, దక్షిణ అమెరికాల వాళ్లూ, ఇంకా స్పానిష్ సంస్కృతికి చెందినవాళ్లూ హిస్పానిక్‌లు అంది. పోర్చుగీసు అన్న మాట అందులో లేదు. అదే దేశంలో, రోడ్లు వేసే కాంట్రాక్టుల్లో వెనకబడ్డవాళ్లకు వాటా ఇచ్చే రవాణా శాఖ నిబంధనల్లో మాత్రం చాలా ఏళ్లు ‘స్పానిష్ లేదా పోర్చుగీసు’ అని ఉండేది. అంటే అప్పట్లో ఒకే మనిషి ఒక ఫారంలో హిస్పానిక్, ఇంకో ఫారంలో కాదు. నీ పెద్దాయన అల్లుణ్ణి కాంట్రాక్టరుగా చూపించావు. ఆ ఇంట్లో ఆదివారం భోజనాల దగ్గర ఈ మాట రాకుండా ఉంటుందా? ‘టిక్ పెడితే పని వస్తుంది, పెడదాం’ అని అల్లుడు అంటాడు. ‘మనం స్పెయిన్‌వాళ్లమా?’ అని మామ కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఆ సీను రాయి.

ఈ గడుల చరిత్ర కొంచెం తెలుసుకో. హవాయి సంగతే చూడు. 1878లో ప్రిసిలా అనే ఓడలో మదైరా దీవి నుంచి పోర్చుగీసువాళ్లు చెరకు తోటల పనికి వచ్చారు. ఐరోపావాళ్లే. అయినా 1910, 1920, 1930 జనాభా లెక్కల్లో వాళ్లకొక గడి, ‘ఇతర తెల్లవారి’కి ఇంకొక గడి. అక్కడ తెల్లవాడంటే తోట యజమాని, మేనేజరు. ఒప్పందం మీద కూలికి వచ్చి, కొందరు కూలీల మీద అజమాయిషీ చేసే ‘లూనా’ దాకా ఎదిగినవాళ్లను యజమానులు తమ వరసలో కూర్చోనివ్వలేదు. 1940 లెక్కలకల్లా ఆ గడి తీసేశారు. పదేళ్లలో ఎవరి ఒంటి రంగూ మారలేదు.

దక్షిణ అమెరికాలోని గయానాలో అదీ జరగలేదు. బానిసత్వం రద్దయిన మరుసటి ఏడాది, 1835లో, మదైరా వాళ్లు అక్కడి చెరకు ఎస్టేట్లకు చేరారు. తర్వాత కొట్లు పెట్టుకున్నారు, 1856లో ఆ కొట్ల మీదే దాడులు జరిగాయి. ఈ శతాబ్దపు జనాభా లెక్కల్లో కూడా అక్కడ పోర్చుగీసువాళ్లు వేరు, తెల్లవాళ్లు వేరు. అదే గయానాకు 1838 నుంచి మనవాళ్లూ వెళ్లారు. మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లనూ తమిళులనూ కలిపి ‘మద్రాసీలు’ అన్నారు. ఢిల్లీలో ఉన్న నాలుగేళ్లూ మా ఇంటి ఓనరు నన్ను ఆ మాటతోనే పిలిచాడు. మాది తెనాలి అని చెప్పడం రెండో నెలలోనే మానేశాను. ఆ మానేసిన రోజు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందుకే నీ కథలో ఆ పెద్దాయన, పెరేరా గారి మనవడు పెర్రీ అయిపోయిన చోట అంత తొందరపడకు. అమెరికాలో చాలామంది పెరేరాలు పెర్రీలయ్యారు, రొద్రిగెస్‌లు రోజర్స్‌లయ్యారు. ఎవరు మార్చారు? బడిలో టీచరా, ఉద్యోగం ఇచ్చినవాడా, వాళ్లే మార్చుకున్నారా? ఆ సంగతి ఇంట్లో మొదట ఎవరికి చెప్పారు? ఇది తేలకుండా ‘మూలాలు మరిచాడు’ అని రాస్తే ఆ కుర్రాడికి అన్యాయం చేసినట్టే.

కలిసిపోవడమంటే ఒకవైపే అరిగిపోవడం అనుకోకు. 1879లో రావెన్స్‌క్రాగ్ ఓడలో హవాయి చేరిన మదైరా వడ్రంగులు తమ ఊరి చిన్న తీగవాద్యం నమూనాగా చేసిందే ఉకులేలే. ఇవాళ అది హవాయి వాద్యం. గయానాలో క్రిస్మస్ పొద్దున వాళ్ల వెల్లుల్లి పంది మాంసం వేరే జాతులవాళ్ల ఇళ్లలోనూ వండుతారు. మన మేస్త్రీ, మన అల్మారా వాళ్ల భాష నుంచి వచ్చిన మాటలే కదా.

ఇంకొకటి. ‘సౌదాద్’ అన్న మాట కొట్టెయ్. పోర్చుగీసు వాళ్ల బెంగ గురించి రాసే ప్రతివాళ్లూ అక్కడికే పరిగెడతారు. బదులుగా ఆయన ఉప్పుచేపను రాత్రి నీళ్లలో నానబెట్టడం, ఆ వాసనకు పైవాటా వాళ్లు కిటికీ వేసుకోవడం రాయి. మన ఎండుచేపల వాసనకు ఎవరు ఏమన్నారో నీకు తెలుసు.

ఈ శనివారం ఆ కొట్టుకు వెళ్లు. నోట్‌బుక్ తియ్యకు, రొట్టె కొనుక్కో, రద్దీ తగ్గేదాకా ఆగు. కౌంటర్ దగ్గరి అమ్మాయిది బ్రెజిల్ అని ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. ఆమెదీ ఆయనదీ ఒకే భాష, యాస వేరు. అమెరికాకు వచ్చిన కాలం వేరు. రొట్టె మాడినప్పుడు వాళ్లిద్దరూ ఏమని పోట్లాడుకుంటారో విని, నాకు రాసి పంపు.

నీ మేలు కోరే
మామయ్య