533533 మీద రాస్తున్న అమ్మాయికి

అమలాపురం

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. మన వైపు పిన్‌కోడులో మొదటి మూడంకెలు 533ని జంటగా వేసి 533533 మీద రాయాలన్న ఊహ బాగుంది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చిందన్న సంగతికి పేజీ అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. మిగతాది కొట్టెయ్.

కామాలు కూడా తీసెయ్. 5,33,533 అని అచ్చువేస్తే జంట కనబడదు. 533 × 1001 అని వెంటనే చెప్పెయ్. 1001 అంటే 7 × 11 × 13. ఏ మూడంకెల సంఖ్యను జంటగా రాసినా ఈ మూడూ నిశ్శేషంగా భాగిస్తాయి. అది 533 గొప్ప కాదు, మనం పదుల్లో లెక్క రాసుకోవడం వల్ల వచ్చింది. ‘వింత’ అన్న మాట అక్కడ వద్దు.

అసలు సరుకు 533లో ఉంది. అది 13 × 41. అంటే 13 రెండు వైపుల నుంచీ వస్తోంది. నువ్వు ఒక్క 13తో సరిపెట్టి 7 × 11 × 13 × 41 అన్నావు. గుణిస్తే వచ్చేది 41041. రాయాల్సింది 7 × 11 × 13² × 41. సరిచూసుకో: 77ని 169తో గుణిస్తే 13013, దాన్ని 41తో గుణిస్తే 533533. కారణాంకాలు 16 అని తేల్చింది కూడా ఆ పొరపాటే. ఒక్కో ఘాతానికి 1 కలిపి గుణించు: 2 × 2 × 3 × 2, మొత్తం 24.

మూడో పేజీలోది మాత్రం పెద్ద తప్పు. 4తో భాగిస్తే 1 మిగులుతోంది గనక ఇది రెండు వర్గాల మొత్తం అన్నావు. ఆ హామీ ప్రధాన సంఖ్యలకే. 21కీ 1 మిగులుతుంది, రెండు వర్గాలుగా విడగొట్టు చూద్దాం! 533 విడిపోతుంది, అదీ రెండు రకాలుగా: 23² + 2², 22² + 7². 533533 దగ్గర 7 అడ్డం పడుతుంది. ఏ వర్గాన్నైనా 7తో భాగిస్తే శేషం 0, 1, 2, 4లలో ఒకటే. 1, 2, 4లలో ఏ రెండింటిని కూడినా, ఒకదాన్నే రెండుసార్లు వేసుకున్నా 7 గుణిజం రాదు. కాబట్టి రెండు వర్గాలూ 7 గుణిజాలే కావాలి, 7 భాగించే వర్గాన్ని 49 కూడా భాగిస్తుంది, అప్పుడు మొత్తాన్ని 49 భాగించాలి. 533533ని 7తో భాగిస్తే 76219. మళ్లీ భాగిస్తే 3 మిగిలిపోతుంది. ఈ నిరూపణ కుదించకు. పెన్సిలు పట్టుకున్న పిల్లాడు చివరిదాకా రాగలడు.

గోదావరి పాయ వసిష్ఠ దాటి నర్సాపురం వెళితే 534. 534534 = 2 × 3 × 7 × 11 × 13 × 89, కారణాంకాలు 64. తనను మినహాయించి వాటిని కూడితే 916986, సంఖ్య కంటే ఎక్కువ, సమృద్ధ సంఖ్య. మనది 204323 దగ్గర ఆగే న్యూన సంఖ్య. తేడా అంతా 2, 3ల చలవ. ‘అవతలి ఒడ్డుకే సమృద్ధి’ అన్న నీ జోకు ఉంచు, రెండోసారి మాత్రం వెయ్యకు.

సరిదిద్ది పంపు.