ట్యూబ్ యాంప్ ముందు ఓవర్‌డ్రైవ్ పెట్టాలా, బూస్ట్ పెట్టాలా?

15 వాట్ల ట్యూబ్ యాంప్ కొన్నానని, సోలో వచ్చినప్పుడు గిటార్ అందరి మీదా వినపడాలని, దానికి ఓవర్‌డ్రైవ్ కొనాలా బూస్ట్ కొనాలా, ఏ కంపెనీది మంచిది అని అడిగారు. రెండూ గిటార్‌కీ యాంప్‌కీ మధ్య పెట్టే పెడల్సే. బూస్ట్ గిటార్ శబ్దాన్ని ఉన్నదున్నట్టు పెంచి యాంప్‌లోకి పంపుతుంది, ఓవర్‌డ్రైవ్ పెంచడంతో పాటు దాన్ని కాస్త గరుకు చేస్తుంది. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. మీరు వాయించేటప్పుడు యాంప్ వాల్యూమ్ ఎంతలో ఉంటుంది? 3లోనా, 7లోనా? ఇది తేల్చుకోకుండా ఏ పెడల్ కొన్నా డబ్బు దండగే. ఈ ముక్క నాకు ఏ గిటార్ మాస్టారూ చెప్పలేదు, ఏ షాపువాళ్లూ చెప్పలేదు. గుంటూరులో ఒక డిసెంబర్ 24 రాత్రి మైక్ సెట్ బాబాయ్ చెప్పాడు.

మా చర్చి గ్రౌండ్‌లో క్రిస్మస్ కార్యక్రమం. డ్రమ్స్, కీబోర్డు, పాతికమంది క్వాయర్, ఒక పక్క నేను. నా దగ్గర రెండు ఈఎల్84 ట్యూబులున్న 15 వాట్ల యాంప్, దాని ముందు కొత్తగా కొన్న బూస్ట్ పెడల్. ఇంట్లో వాల్యూమ్ 2లో పెట్టి ఆ పెడల్ నొక్కితే బీరువా అద్దం అదిరేది. అమ్మ వంటింట్లోంచి కేకలేసేది. ఇంక గ్రౌండ్‌లో నాకు తిరుగులేదనుకున్నాను. అక్కడ యాంప్‌ని 7లో పెట్టాను. ఆ యాంప్‌కి 7లో ఉన్న అందం ఇంకెక్కడా లేదు. మెల్లగా మీటితే తేటగా పలుకుతుంది, గట్టిగా మీటితే స్వరం అంచు కాస్త చిరుగుతుంది.

రెండో పాటలో నాకు 8 బార్ల సోలో. నొక్కాను. శబ్దం పెరగలేదు. పెరగకపోగా స్వరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి, స్పీకర్ మీద తడి దుప్పటి కప్పినట్టయింది. ఆపి మళ్లీ నొక్కాను. అంతే. కీబోర్డు అన్న నావైపు చూసి ‘వాయించు’ అన్నట్టు తల ఊపాడు. నేను వాయిస్తూనే ఉన్నాను!

కార్యక్రమం అయ్యాక మైక్ సెట్ బాబాయ్ పిలిచాడు. ఆయనకి గిటార్ రాదు. ఊళ్లో పెళ్లిళ్లకీ, సభలకీ, తిరునాళ్లకీ ఏళ్ల తరబడి మైకులు పెడుతున్న మనిషి. "బాబూ, మిక్సర్‌లో నీ లైట్లు చూస్తూనే ఉన్నా. నువ్వు కాలితో నొక్కినా నొక్కకపోయినా ఒక్క లైటు కూడా పైకెక్కట్లా. నిండిన బిందెలో పోస్తన్నావు" అన్నాడు.

జనం వెళ్లిపోయాక, కుర్చీలు సర్దుతుండగా, నన్ను మిక్సర్ దగ్గర నిలబెట్టి, ఇంకో కుర్రాడి చేత నా గిటార్ వాయించి చూపించాడు. యాంప్ 7లో ఉన్నప్పుడు నా చానెల్‌లో నాలుగు పచ్చ లైట్లు వెలిగాయి. బూస్ట్ నొక్కితే అవే నాలుగు. యాంప్‌ని 4కి తగ్గించాడు, రెండే పచ్చ లైట్లు. బూస్ట్ నొక్కగానే నాలుగూ వెలిగాయి. అదే పెడల్, అదే యాంప్. ఆ నాలుగో లైటు నాకింకా కళ్లముందే ఉంది.

7లో ఉన్నప్పుడు ఆ రెండు ఈఎల్84లు ఇవ్వగలిగిందంతా అప్పటికే ఇచ్చేస్తున్నాయి. ముందు నుంచి ఎంత నెట్టినా వేవ్ పైభాగం తెగిపోవడమే తప్ప ఎత్తు పెరగదు. అందులోనూ శక్తినంతా ముందు బేసే మింగేస్తుంది. ఉత్త బూస్ట్ పెడల్ బేస్‌ని కూడా మిగతావాటితో సమానంగా పెంచి లోపలికి తోస్తుంది, అందుకే ఆ దుప్పటి.

కాబట్టి మీరు యాంప్‌ని క్లీన్‌గా, 3-4లో పెట్టి వాయించే మనిషైతే బూస్ట్ కొనండి, అది నిజంగానే శబ్దం పెంచుతుంది. యాంప్‌ని గట్టిగా పెట్టి, ఆ చిరుగు రుచి మరిగిన మనిషైతే బూస్ట్ ఇచ్చేది సస్టెయిన్ (స్వరం ఎక్కువసేపు నిలవడం), చిక్కదనం. శబ్దం ఇవ్వదు. కొందరికి కావలసింది కూడా అదే. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే ట్రెబుల్ బూస్టర్‌తో (పై స్వరాలని ఎక్కువ పెంచే బూస్ట్) వాక్స్ ఏసీ30 యాంప్‌ని నిండా నెట్టి, క్లీన్ కావలసినప్పుడు గిటార్ మీద వాల్యూమ్ తగ్గించుకుంటాడు. ఆ పద్ధతికి చేతివేళ్లు ఎప్పుడూ వాల్యూమ్ నాబ్ మీదే ఉండాలి. దానికి అలవాటు పడాలంటే ఏళ్లు పడుతుంది.

మీరడిగింది మాత్రం బ్యాండ్‌లో సోలో వినపడటం గురించి. దానికి నా జవాబు ఓవర్‌డ్రైవే, అందులోనూ మిడ్స్‌ని, అంటే బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య భాగాన్ని, ముందుకు తోసేది. ఐబనెజ్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ ట్యూబ్ స్క్రీమర్‌లో సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్న బేస్‌కి క్లిప్పింగ్ దశలో (వేవ్ పైభాగం తెగే చోట) గెయిన్, అంటే పెంపు, తగ్గుతూ పోతుంది, ఆ తర్వాత టోన్ దగ్గర పై ట్రెబుల్ తగ్గుతుంది. మిగిలేది మధ్య భాగం. ఇంట్లో ఒక్కరే వాయిస్తే ఆ శబ్దం ముక్కుతో పాడినట్టుంటుంది, నచ్చదు. కింద బేస్ గిటార్, పైన సింబల్స్ ఉన్నప్పుడు మాత్రం వాటి మధ్య ఖాళీలో సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఫెండర్ పాత తరహా యాంపులకి మిడ్స్ సహజంగానే తక్కువ కాబట్టి ఈ జోడీ అతికినట్టు కుదురుతుంది. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ పట్టుకున్నది ఈ జోడీనే. ఆయన యాంపులు అప్పటికే గట్టిగా మోగుతుండేవి, పెడల్‌లో గెయిన్ తక్కువ ఉండేది. మీది మార్షల్ తరహా, మిడ్స్ ముందే దండిగా ఉన్న యాంప్ అయితే బాస్ కంపెనీ బ్లూస్ డ్రైవర్ పెడల్ లాంటిది కూడా విని చూడండి.

నా డబ్బుతో కొనమంటే నేను బాస్ కంపెనీ ఎస్‌డీ-1 ఓవర్‌డ్రైవ్ కొంటాను. 1981 నుంచి వస్తున్న పెడల్, ట్యూబ్ స్క్రీమర్‌కి దగ్గరి చుట్టం, పసుపు డబ్బా, కాలితో ఎంత తొక్కినా చెక్కుచెదరదు. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ మూడు వంతులు, టోన్ సగం. దీని పక్కన దాని పదింతల ధర ఉన్నది పెట్టి కళ్లకు గంతలు కట్టి వినిపిస్తే, డ్రమ్మర్ వాయిస్తుండగా తేడా పట్టేవాళ్లు ఉన్నారంటే నేను నమ్మను. 1994లో వచ్చిన క్లోన్ సెంటార్ అనే ఓవర్‌డ్రైవ్ ఇవాళ వేల డాలర్లు పలుకుతోంది. మంచి పెడలే, ఆ ధర మాత్రం శబ్దానిది కాదు. పాత ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808లోని 4558 చిప్ గురించి జరిగే వాదనలు వింటే బాధేస్తుంది. మామూలు ఆడియో సామానులో ఎక్కడపడితే అక్కడ ఉండే చిప్ అది. ఆ చిప్ కోసం కుర్రాళ్లు రెండు నెలల జీతం పోస్తున్నారు.

వీడియోలు చూసి కొనకండి. అక్కడ ఒక్క గిటారే ఉంటుంది, డ్రమ్స్ ఉండవు, మంచి మైకు పెట్టి రికార్డు చేస్తారు. షాపుల్లోనూ అంతే, చిన్న ట్రాన్సిస్టర్ యాంప్‌లో డ్రైవ్ మొత్తం తిప్పి వినిపిస్తారు. ట్యూబ్ యాంప్ ముందు డ్రైవ్ అంత పెడితే రొద తప్ప ఏమీ మిగలదు. మీ యాంప్ భుజాన వేసుకుని షాపుకి వెళ్లండి. బరువే, అయినా తప్పదు.

అడాప్టర్ సంగతి కూడా చెప్పాలి. 9 వోల్టులు, ప్లగ్ మధ్యలో నెగెటివ్ ఉన్నదే కావాలి. కౌంటర్ మీద ఏదో ఒకటి చేతిలో పెడతారు, డబ్బా మీద గుర్తు చూసి తీసుకోండి. మన గ్రౌండ్లలో జనరేటర్ మీద నడిచే కార్యక్రమాల్లో చవక అడాప్టర్ పెడితే హమ్ తట్టుకోలేరు, బూస్ట్ ఆ హమ్‌ని కూడా పెంచుతుంది. ఒకటే పెడల్ అయితే బ్యాటరీ వేసుకోండి. అయ్యాక ఇన్‌పుట్‌లోంచి వైరు పీకేయండి, వైరు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే యాంప్‌లైతే వెనక 120 అని ఉందా చూడండి. మన 230లో నేరుగా గుచ్చితే యాంప్ పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ యాంప్ వాటేజీ కంటే బాగా పెద్దది.

బాబాయ్ చెప్పిన వారానికే 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన. స్నేహితుడి దగ్గర ఎస్‌డీ-1 అడిగి తెచ్చుకున్నాను. యాంప్ 7 నుంచి 4కి దించడానికి మనసొప్పలేదు, ఆ చిరుగు పోతుందని. 5లో పెట్టాను. గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించి రిథమ్ వాయించి, సోలోకి గిటార్ వాల్యూమ్ నిండా తిప్పి పెడల్ నొక్కాను. క్వాయర్ వెనక వరసలోని పెద్దమ్మ తిరిగి చూసింది. మిక్సర్ దగ్గర్నుంచి బాబాయ్ చెయ్యెత్తాడు.

మీ యాంప్‌కి ముందు వాల్యూమ్, వెనక మాస్టర్ విడివిడిగా ఉంటే ముందుది తగ్గించి మాస్టర్ పెంచి చూడండి, శబ్దం పెరగడానికి చోటు దానంతటదే దొరుకుతుంది. వెనక ఎఫెక్ట్స్ లూప్ (ప్రీయాంప్‌కీ పవర్ ట్యూబులకీ మధ్య పెడల్ పెట్టుకునే సాకెట్లు) ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం నేను పైన చెప్పింది కొంత మారుతుంది. చిరుగు ప్రీయాంప్‌లోంచి, అంటే యాంప్ మొదటి దశలోంచి వస్తూ, పవర్ ట్యూబుల్లో ఇంకా చోటు ఉంటే, బూస్ట్‌ని లూప్‌లో పెట్టుకోండి. అక్కడ అది శబ్దాన్నే పెంచుతుంది. యాంప్ మోడల్ రాయండి, నాబులు ఎక్కడ పెట్టాలో చెబుతాను.